కురిడీ అటక మీద రెక్క

నేను రిటైరవడానికి సరిగ్గా పద్నాలుగు నెలల ముందు, ఫిబ్రవరి మొదటి వారంలో, మా చీఫ్ ఇన్‌స్పెక్టర్ గారు నన్ను పిలిచి ఒక ఉత్తరం చేతిలో పెట్టారు. రాజోలు అవతల, సముద్రం వైపు, రెండు రోజుల విమాన ప్రదర్శన జరుగుతుందట. పాతకాలపు విమానాలూ, మనుషులు ఇళ్ళ దగ్గర సొంతంగా కట్టుకున్న విమానాలూ వస్తాయట. వాటిలో ఎగరబోయేవాటి నిర్మాణం సరిగా ఉందో లేదో చూసి సంతకం పెట్టే మనిషి కావాలట. హైదరాబాదులో మా మరమ్మతు కేంద్రంలో చెక్క విమానాల పని తెలిసినవాళ్ళం అప్పటికి ఇద్దరమే మిగిలాం. రెండో ఆయన మోకాలి ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో ఉన్నారు.

ఉత్తరంలో రాజోలు అన్న మాట చదవగానే నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డానని చీఫ్ గారు తరవాత అందరికీ చెప్పారు. నిజమే, నిలబడ్డాను. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఎక్కడెక్కడి హ్యాంగర్లకో వెళ్ళాను గానీ, మా కోనసీమకి డ్యూటీ మీద వెళ్ళడమన్నది కలలో కూడా అనుకోలేదు. అక్కడ విమానం అంటే కొబ్బరాకుల సందుల్లోంచి కనిపించి మాయమయ్యేది. అలాంటి చోట అది దిగబోతోంది, దాన్ని పరీక్షించేది నేను!

మామిడికుదురులో ఉన్న మా అమ్మకి వెంటనే ఫోన్ చేశాను.

"అమ్మా, రాజోలు అవతల విమానాలు పెడుతున్నారు. నేనొస్తున్నాను. నిన్నూ తీసుకెళ్తాను."

"టిక్కెట్టుందా?"

"నాకెందుకు టిక్కెట్టు? నేను సంతకం పెడితేనే అవి లేచేది."

"ఆయ్. అయితే ఇస్త్రీ చీర కట్టుకోవాలన్నమాట" అంది.

మా ఇంట్లో కాలేజీ గుమ్మం తొక్కిన మొదటి మనిషిని నేను. అమలాపురంలో బీయస్సీ ఫిజిక్స్ చదివాను. పాసయ్యానన్న కబురు చర్చిలో పాస్టరు గారు చదివితే మా వీధి వీధంతా చప్పట్లు కొట్టింది. ఆ తరవాత విమానాల మరమ్మతులో శిక్షణ, టెక్నీషియన్ ఉద్యోగం, లైసెన్సు పరీక్షలు, చివరికి సీనియర్ స్ట్రక్చర్స్ ఇన్‌స్పెక్టర్. మా లైనులో ఒక క్రమం ఉంటుంది. మెకానిక్ పని చేస్తాడు. టెక్నీషియన్ చేయిస్తాడు. ఇన్‌స్పెక్టర్ నమ్మడు. నమ్మకపోవడానికే ఆ మనిషికి జీతం ఇచ్చేది. స్ట్రక్చర్స్ అంటే ఇంజనూ వైర్లూ కాకుండా విమానం ఒళ్ళు: రెక్కలు, తోక, వాటి ఎముకలు, వాటి మీది తొడుగు.

చెక్క రెక్కని పరీక్షించే పద్ధతుల్లో అన్నిటికంటే పాతది తట్టి వినడం. దాన్ని ట్యాప్ టెస్ట్ అంటాం. రెక్క లోపల రిబ్బులని పక్కటెముకల్లాంటి సన్నటి చెక్కలుంటాయి. వాటి మీద పల్చటి ప్లైవుడ్ తొడుగు జిగురుతో అంటిస్తారు. ఒక బిళ్ళతో బెత్తెడు బెత్తెడు జరుపుకుంటూ తడతాం. జిగురు పట్టి ఉన్నచోట గట్టిగా, స్పష్టంగా పలుకుతుంది. వదిలేసినచోట మొద్దుగా పలుకుతుంది. శిక్షణలో ఈ పాఠం మొదలుపెట్టిన రోజున మా బ్యాచ్‌లో అందరూ తికమకపడుతుంటే నాకు మాత్రం నవ్వొచ్చింది. ఎందుకంటే మా అమ్మ బతుకంతా చేసిన పని అదే.

మా అమ్మ మరియమ్మ కొబ్బరి రాశుల దగ్గర కురిడీ ఏరేది. మా వైపు కొబ్బరికాయల్ని వలవకుండా అటకల మీద పోసి నెలల తరబడి ఉంచుతారు. కింద కొబ్బరి డొక్కలతో, అంటే వలిచిన ఎండు పీచుతో, సన్నటి సెగ పెడతారు. లోపలి నీళ్ళు ఇంకిపోయి, కొబ్బరి చిప్పని వదిలి గుండులా తయారవుతుంది. అదే కురిడీ. పీచు వలిచాక, పగలగొట్టకుండా అది తయారైందో కుళ్ళిందో చెప్పాలంటే చెవే ఆధారం. అమ్మ రెండు కాయల్ని ఒకదానికొకటి తాకించి విని, విసిరేది. మంచివి కుడి పక్కకి, కుళ్ళినవి ఎడమ పక్కకి. వెనక మూడో రాశి ఒకటుండేది. చెవికి తేలనివి అందులో వేసేది. మూడో రాశిలో కాయని ఆ రోజు అమ్మకూడదు, పారేయకూడదు. మర్నాడు పొద్దున్నే, రోడ్డు మీద లారీలు మొదలవకముందు, మళ్ళీ వినాలి. అది అక్కడ అందరూ పాటించే పద్ధతి.

ప్రదర్శన శనివారం, ఆదివారం. పరీక్షలు శుక్రవారం మధ్యాహ్నం. నేనూ అమ్మా ఆటోలో వెళ్ళాం. చేపల చెరువులు పూడ్చి, లేఅవుటు వెయ్యడానికి చదును చేసిన నేల అది. ప్లాట్ల రాళ్ళు పీకేసి మట్టితో రన్‌వే కొట్టారు. చుట్టూ తాళ్ళు కట్టారు. ముందురోజే అయినా జనం చూడ్డానికి వచ్చేశారు. మైకులో ఎవరో "హలో, హలో, వన్, టూ" అని ఆగకుండా అంటున్నారు. జనరేటరు హోరు. బజ్జీల వాసన.

అక్కడ చూసినవి చెప్పకుండా ముందుకి వెళ్ళలేను, క్షమించాలి. లారీ మీద విడిభాగాలుగా వచ్చి అక్కడే బిగించుకున్న పసుప్పచ్చ శిక్షణ విమానం ఒకటి. ఒకదాని మీద ఒకటి రెండేసి రెక్కలు, పైకప్పు లేని రెండు సీట్లు, చెక్క ప్రొపెల్లరు. రెక్కలకి ప్లైవుడ్ కూడా లేదు, గుడ్డే. ఆ గుడ్డ బిగుసుకోడానికి పూసే డోపు అనే లేపనం వాసన గోళ్ళరంగు వాసనలా ఉంటుంది. ఇరవయ్యేళ్ళ తరవాత ఆ వాసన పీల్చి నేను అక్కడే నిలబడిపోయాను. దాని పక్కన ఇంజనే లేని పాత గ్లైడరు. ఒక కాకినాడ ఆయన అల్యూమినియం గొట్టాలతో కట్టిన ఒంటి సీటు విమానం. అమ్మ పసుపు విమానం రెక్క మీద వేలితో మెల్లిగా నొక్కి, "ఇది మన వాకిట్లో మంచం గుడ్డేనే" అంది. దాని యజమాని నవ్వి, ఇంచుమించు అంతేనమ్మా అన్నాడు.

చివర ఉన్నది సూరిబాబు గారి విమానం.

సూరిబాబు గారిది మా పక్క ఊరు. కొబ్బరితోటల రైతు. పడవ ఇంజన్లు విప్పి బిగించడంలో చెయ్యి తిరిగిన మనిషి. విమానం నక్షాలు తెప్పించుకుని, తన షెడ్డులో పదకొండేళ్ళు పట్టి రెండు సీట్ల చెక్క విమానం కట్టాడు. రెక్క క్యాబిను పైన ఉండే రకం. తెలుపు మీద ఆకుపచ్చ గీత. అంత శుభ్రమైన చెక్కపని మా హ్యాంగరులో కూడా నేను అరుదుగా చూశాను. ప్రతి మేకు తలా ఒకే వరసలో ఉంది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా అమ్మ ఇరవై ఏళ్ళు కురిడీ ఏరింది ఆయన తండ్రిగారి రాశుల్లోనే.

ఆయన అమ్మని చూడగానే గుర్తుపట్టాడు.

"ఏమ్మా మరియమ్మా, బాగున్నావా? మేడమ్ గారు మీ అమ్మాయా!"

"ఆయ్ బాబూ. మా సుగుణే."

ఆయన గబగబా వెళ్ళి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి రెక్క నీడలో వేసి, తువ్వాలుతో తుడిచి కూర్చోమన్నాడు. అమ్మ ఒక్క క్షణం నన్ను చూసి, కూర్చుంది. ఆ రాశుల దగ్గర ఆవిడ గోనెపట్టా మీద కూర్చునేది.

ఆయన భార్య సత్యవతి గారు మజ్జిగ ఇస్తూ, విమానం వైపు చూపించి, "పదకొండేళ్ళూ ఈవిడతోనే కాపురం చేసేరండి. తొందరగా ఎగరేసేసి నా మొగుణ్ణి నాకిచ్చెయ్యండి" అన్నారు.

మర్నాడు పదకొండు గంటలకి ఆయనే స్వయంగా నడిపి ఒక చుట్టు తిరగాలన్నది కార్యక్రమం. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. ఊరివాళ్ళు రెండు ట్రాక్టర్ల నిండా వస్తున్నారు. కాగితాలు చూస్తుంటే ఒకచోట నా కన్ను ఆగింది. విమానం నడిపేవాళ్ళకి డాక్టర్లు ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం ఉంటుంది. మా భాషలో మెడికల్ అంటాం. అది లేకుండా నడపకూడదు. ఆయనది ఆ నెలాఖరుతో అయిపోతోంది.

"మళ్ళీ ఇవ్వరండి. కంటి డాక్టరు గారు ముందే చెప్పేసేరు" అన్నాడాయన, నేను అడగకముందే. "రేపొక్కటేనండి నాకు."

పని మొదలుపెట్టాను. తోక, చుక్కాని, చక్రాల కాళ్ళు, కుడి రెక్క అన్నీ బాగున్నాయి. నా జేబులో అరిగిపోయిన పాత రూపాయి బిళ్ళ ఒకటుంటుంది, దాంతోనే తడతాను. ఎడమ రెక్క అడుగున, క్యాబినుకి దగ్గరగా, మూడో రిబ్బు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. ఏదో తేడా. మళ్ళీ తట్టాను. జనరేటరు హోరులో అది తేడానో కాదో తెలియలేదు. చెవి ఆనించి తట్టాను. ఒకసారి గట్టిగా పలికినట్టుంది, ఒకసారి మొద్దుగా.

"అక్కడ లోపల రెండో పొర చెక్క వేసేనండి, అందుకే అలా పలుకుతుంది" అన్నాడాయన. అలా పలకడానికి అవకాశం ఉంది కూడా.

ఇన్‌స్పెక్టరు చేసే తప్పుల్లో పెద్దది, విన్నదాన్ని కాకుండా మనిషిని చూసి రాయడం. ఆ పది నిమిషాలూ నేను మనిషినే చూశాను. సరిపోదని రాస్తే, పాత కూలిమనిషి కూతురు పగ తీర్చుకుందంటారేమో అనుకున్నాను. సరిపోతుందని రాస్తే, పాత యజమాని కదా అని వదిలేసిందంటారేమో అనుకున్నాను. వీటన్నిటికంటే ఎక్కువగా, ఆయన ఎగిరితే బాగుండునని నాకే అనిపించింది. ఫారం తీశాను. అందులో రెండే గడులు. సరిపోతుంది, సరిపోదు. పెన్ను మొదటి గడి మీదికి వెళ్ళింది. దాచడమెందుకు, వెళ్ళింది.

అమ్మ సరిగ్గా ఆ రిబ్బు కిందే కూర్చుని ఉంది. నేను తట్టిన ప్రతి దెబ్బా ఆవిడ తల మీదే పడింది. తల పైకెత్తకుండానే, మజ్జిగ గ్లాసు చేతిలో పట్టుకుని, రాశి దగ్గర పక్కమనిషితో చెప్పినట్టు అంది.

"అమ్మాయ్, అది మూడో రాశిలో వెయ్యి."

నేను పెన్ను మూత పెట్టేశాను. రెండు గడుల పక్కన స్కేలు పెట్టి మూడో గడి గీసి, "సందేహం, రేపు ఉదయం ఆరు గంటలకి, నిశ్శబ్దంలో, తిరిగి పరీక్ష" అని రాసి సంతకం పెట్టాను.

నిర్వాహకుడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. "మేడమ్ గారూ, ముఖ్య అతిథి గారు పదకొండుకల్లా వచ్చేస్తారండి. పాంప్లెట్లు కూడా పంచేసేం. అటో ఇటో తేల్చెయ్యండి."

"తేలలేదనే తేల్చాను" అన్నాను.

సూరిబాబు గారు గట్టిగా ఏమీ అనలేదు. అనుంటే నాకు తేలికగా ఉండేది. "పదకొండేళ్ళు కట్టేనండి. ఒక్క రూపాయి బిళ్ళ చప్పుడుకి ఆపేసేరు" అని, రెక్క మీద టార్పాలిన్ కప్పుకుంటూ ఉండిపోయాడు. ఆటోలో వెళ్ళేటప్పుడు, నీకు కుళ్ళినట్టు వినబడిందా అని అమ్మని అడిగాను. "లేదే. ఎటూ తేలలేదు కాబట్టే చెప్పేను. తేలితే నీకు నేను చెప్పాలా?" అంది.

మర్నాడు ఆరింటికి మైదానంలో మేం నలుగురమే: నేను, అమ్మ, సూరిబాబు గారు, సత్యవతి గారు. రెక్క మీద మంచు. జనరేటరు లేదు. దూరంగా సముద్రం చప్పుడు సన్నగా ఉంది. రెండో రిబ్బు మీద తట్టాను, టంగుమంది. మూడో రిబ్బు మీద తట్టాను. తడిసిన గోనెసంచి మీద కొట్టినట్టు పలికింది. నాలుగోది కూడా అంతే. ఈసారి చెవి ఆనించాల్సిన పని లేదు.

ఆ ఫలితం నా నోటితో చెప్పలేదు. బిళ్ళ ఆయన చేతిలో పెట్టాను.

ఆయన రెండో రిబ్బు తట్టాడు. మూడోది తట్టాడు. మళ్ళీ రెండోది, మళ్ళీ మూడోది. కురిడీ రాశుల మధ్య పుట్టి పెరిగిన మనిషి. చెప్పించుకోవలసిన అవసరం లేదు.

"డొల్లండి" అన్నాడు.

అడుగున ఉన్న తనిఖీ మూత విప్పి లోపలికి సన్నటి కెమెరా గొట్టం పంపాం. తెర మీద స్పష్టంగా కనిపించింది. మూడో రిబ్బుకీ తొడుగుకీ మధ్య జానెడు మేర జిగురు విడిపోయి వెంట్రుకవాసి సందు ఉంది. నాలుగో రిబ్బు దగ్గర అందులో సగం. నేల మీద అది ఏమీ కాదు. గాలిలోకి లేచాక తొడుగు మీద పడే లాగుడుకి జానెడు బారెడవుతుంది.

కారణం కూడా రాయడం మా పద్ధతి. జిగురు మంచిదే, పనితనం మంచిదే, మరి ఎందుకు విడిపోయింది? రెక్క పూర్తయ్యాక ఎక్కడ ఉంచారని అడిగాను.

ఆయన చెప్పింది ఇది. మా వైపు వర్షాకాలంలో గోడలు కూడా చెమరుస్తాయి. చెక్కకి తేమ శత్రువని పుస్తకాల్లో చదివాడు. ఊళ్ళో ఏడాది పొడుగునా పొడిగా ఉండే జాగా ఏది? తాతల నాటి నుంచి వస్తువు పాడవకుండా దాచే జాగా ఏది? రెండు వర్షాకాలాలు ఆ రెక్కని తన కురిడీ అటక మీద, కాయల పక్కన, డొక్కల సెగ మీద పెట్టాడు.

"నేనప్పుడే అన్నాను కదండీ, అది కొబ్బరికాయ కాదని" అన్నారు సత్యవతి గారు.

సెగకి చెక్క ఎండి కుంచించుకుపోయింది, జిగురు మెత్తబడింది. రెండూ ఒకదాన్నొకటి వదిలేశాయి. కొబ్బరి చిప్పని వదిలేసినట్టే. కురిడీకి కావలసింది అదే. రెక్కకి కాకూడనిది అదే. కోనసీమ రైతు తప్ప ఇంకెవరూ చెయ్యలేని తప్పు అది. నిజం చెప్పాలంటే, నేను ఆ ఊళ్ళో ఉండిపోయి ఉంటే నేనూ అక్కడే పెట్టేదాన్ని. ఫారంలో రెండో గడిలో టిక్కు పెట్టాను.

పదకొండు గంటలకి పసుపు విమానం ఎగిరింది. రెండు ట్రాక్టర్ల జనం సూరిబాబు గారి విమానం చుట్టూ మూగారు. ఎగతాళికి వచ్చినవాళ్ళూ ఉన్నారు. "ఏవండీ, ఎగిరేదా, కూర్చునేదా?" అని ఒకడు అరిచాడు. ఏదో ఇంజను సాకు చెప్పి తప్పించుకోవచ్చు. ఆయన అలా చెయ్యలేదు. తనిఖీ మూత మళ్ళీ విప్పి, టార్చిలైటు పట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ లోపల చూపించాడు. "ఇదిగోనండి, ఇక్కడ పట్టు వదిలేసింది. కురిడీ అటక మీద పెట్టేను. నేనే పెట్టేను" అని సాయంత్రం దాకా చెప్పాడు. అరిచినవాడు కూడా వంగి చూసి, వెనకవాడికి చోటిచ్చి వెళ్ళిపోయాడు. సూరిబాబు గారు నాతో మాత్రం ఆ రెండు రోజులూ ఇంక మాట్లాడలేదు. అమ్మకి మాత్రం రెండుసార్లు మజ్జిగ పంపించాడు.

ఆ నెలాఖరుకి ఆయన మెడికల్ అయిపోయింది. దాన్ని మళ్ళీ ఇవ్వలేదు.

తొమ్మిది నెలల తరవాత ఆఫీసుకి ఒక పార్సెలు వచ్చింది. ఉత్తరం లేదు. లోపల కోసి తీసిన రిబ్బు ముక్క, దానికి సగం అంటుకుని ఉన్న ప్లైవుడ్ తొడుగు. దానితోపాటు ఒక కురిడీ కాయ. కొత్త రెక్క కట్టాక విమానాన్ని వేరే ఊళ్ళో, ఇంకో పైలటు నడిపాడని, పక్క సీట్లో సూరిబాబు గారు కూర్చున్నారని అమ్మ ద్వారా తెలిసింది. పక్క సీటుకి మెడికల్ అక్కర్లేదు. ఆ రెక్కని పరీక్షించింది నేను కాదు, కాబట్టి దాని గురించి నేనేమీ చెప్పకూడదు.

ఆ ముక్కనీ కాయనీ శిక్షణ తరగతిలో వాడాను. కొత్తవాళ్ళు ముందు కాయ తట్టేవారు, తరవాత రిబ్బు తట్టేవారు. జనరేటరు ఆన్ చేయించి మళ్ళీ తట్టమనేదాన్ని. సగం మంది తప్పు చెప్పేవారు, నమ్మకంగా చెప్పేవారు. తెలియలేదండి అన్నవాళ్ళకే నేను ఎక్కువ మార్కులు వేశాను.

ఈ సంఘటన నాకు నేర్పింది చిన్న విషయం. ఫారంలో రెండే గడులుంటే మూడోది పెన్నుతో గీయాలి. తెలియలేదని రాయడం కూడా పరీక్ష ఫలితమే. మిగిలిన సర్వీసులో ఆ గడి ఇంకో నాలుగుసార్లు గీశాను. రెండుసార్లు లోపం దొరికింది. రెండుసార్లు విమానం బాగానే ఉంది, ఒక పూట ఆలస్యమైంది, పైవాళ్ళు విసుక్కున్నారు. ఆ రెండు సంతకాలు కూడా సరైనవే.